డేరాలో రెండు రాత్రులు

టెంటు అంటే నాకు తెలిసినవి రెండే. పెళ్ళిళ్ళకు వేసే షామియానా ఒకటి, చిన్నప్పుడు మా ఊళ్ళో సినిమాలాడిన డేరా ఒకటి. అలాంటిది మొన్న జనవరిలో, మా పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని, బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి "అమ్మా, మీ ఇద్దరికీ అడవిలో టెంటు బుక్ చేశాను" అంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏ పట్టుచీరో కొంటుందనుకున్నాను లెండి. నవ్వకండి, మీరైనా అదే అనుకుంటారు.

అది ఫోనులో ఆఫ్రికా ఫోటోలు చూపించింది. కెన్యాలో మసాయి మారా అడవి పక్కన డేరాల్లోనే పందిరి మంచాలు, స్నానాల తొట్లు! ఒక్క రాత్రి అద్దెతో మా ఇంట్లో కొన్ని నెలల సరుకులు వస్తాయి. ఆ భూములు మసాయి జాతి వాళ్ళవేనట. వాళ్ళ దగ్గర కౌలుకు తీసుకుని, అద్దె కట్టి, జంతువుల కోసం వదిలేస్తారట. "అంత దూరం పంపలేను గానీ, మన నల్లమలలో బైర్లూటి అని ఉందమ్మా, అటవీశాఖ వాళ్ళది" అంది.

వెళ్ళేముందు మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మాది అమీర్‌పేటలో పాత ఇల్లు. 1982లో మా మావగారు కట్టించారు. చుట్టూ అన్నీ అపార్ట్‌మెంట్లు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు. మధ్యలో మాదొక్కటే గూట్లో పావురంలా మిగిలింది. వానొస్తే వంటింట్లో మూడు చోట్ల కారుతుంది, మూడు గిన్నెలు పెట్టుకుని వండుతాను. ఒక బిల్డరు వచ్చి, ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కడతాను, మీకు రెండు ఇస్తాను అన్నాడు. మా వారు పంజాగుట్టలో ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తారు, ఇంటి విషయాల్లో "ఊఁ" తప్ప ఇంకో మాట రాదు. అత్తయ్యగారు "మీ ఇష్టం" అన్నారు. ఆవిడ "మీ ఇష్టం" అన్నారంటే ఇష్టం లేదని అర్థం. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ తెలియనట్టే ఊరుకున్నాను. లిఫ్టు, గ్రానైటు గట్టు ఉన్న వంటిల్లు నాకు కలలోకి కూడా వస్తున్నాయి మరి. సంతకాల కాగితాలు బీరువాలో పెట్టి ప్రయాణమయ్యాం.

అత్తయ్యగారి దగ్గర ఉండడానికి కూకట్‌పల్లి నుంచి మా ఆడపడుచు వచ్చింది. మాత్రల వేళలు, పాలవాడి లెక్క, కుక్కర్ గాస్కెట్ ఎక్కడుందో అన్నీ కాగితం మీద రాసిచ్చాను. పులిహోర, చేగోడీలు కట్టుకున్నాం. కర్నూలు, నందికొట్కూరు, ఆత్మకూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా అడవి మొదలైంది. ఆ దారిలో రాత్రిళ్ళు బండ్లు పోనివ్వరు, జంతువులు దాటుతాయని. మా పంజాగుట్ట చౌరస్తాను అలా ఒక్క రాత్రి మూస్తే ఎలా ఉంటుందో అనుకున్నాను.

డేరా చూస్తే నిజంగా ముచ్చటేసింది. గోడలు గుడ్డవే గానీ లోపల మంచం, పరుపు, ఫ్యాను, వెనకాల బాత్‌రూము. అన్నీ చూశాక నేను వెతికింది గొళ్ళెం కోసం. లేదు. జిప్పు! చిన్నపిల్లల లాగుకు ఉన్నట్టు జిప్పు లాగితే తలుపు మూసుకున్నట్టు. నా సూట్‌కేసు తాళం తీసి ఆ జిప్పుకు వేశాను. "పులికి తాళం తీయడం రాదులే" అన్నారు మా వారు. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆయన హాస్యమాడటం నేను ఎరగను.

సాయంత్రం జీపులో అడవిలోకి తీసుకెళ్ళారు. చుక్కల దుప్పులు, నెమళ్ళు, అడవిపందులు కనిపించాయి. పులి కనిపించలేదు. మెత్తటి దుమ్ములో దాని అడుగు మాత్రం కనిపించింది, పెద్ద పూరీ అంత ఉంది. అది చూశాక పులిని చూడకపోయినా ఫరవాలేదనిపించింది నాకు. గైడు చెంచు కుర్రాడు. ఈ నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యమట. 1983లో పులుల కోసం ప్రకటించారని, 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతల తెలంగాణలో ఉన్న భాగం అమ్రాబాద్ అయిందని చెప్పాడు. "1983లోనా? మన బావి తవ్విన ఏడు" అన్నారు మా వారు. అంతే, మళ్ళీ మాట లేదు.

మర్నాడు పొద్దున్న నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. ఎవరో కాఫీ ఇస్తారు, ఎవరో గిన్నెలు తీస్తారు. పాతికేళ్ళుగా పొద్దున్న అయిదింటికి లేచే మనిషిని, ఊరికే కుర్చీలో కూర్చోమంటే ఎలాగండీ? వంటశాల వైపు వెళ్ళాను. అక్కడ పనిచేసే చెంచు ఆవిడ ఉల్లిపాయలు తరుగుతోంది, నా ఈడుదే ఉంటుంది. వద్దంటున్నా కత్తిపీట అందుకున్నాను. కాసేపు నన్ను చూసి అడిగింది. "ఏమ్మా, మీకు పట్నంలో ఇల్లు లేదా?"

"ఉంది."

"ఇల్లు పెట్టుకోని, దుడ్లిచ్చి డేరాలో పండుకునేదానికి వచ్చినారా?"

ఏం చెప్పను? ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత తేనె సంగతులు చెప్పింది. కొండచరియ మీద నుంచి తాడు కట్టుకుని దిగి తేనె తీస్తారట. పైన ఆ తాడు పట్టుకునేది మాత్రం భార్య అన్నదమ్ములేనట. తోడబుట్టినదాని పసుపుకుంకుమలు వాడి చేతిలో ఉంటాయి కాబట్టి వదలడట. అందులో ఎంత తెలివి ఉందో చూడండి!

వాళ్ళ అవ్వ వాళ్ళది లోపలి పెంటట. చెంచుల చిన్న ఊళ్ళను పెంటలంటారు. "మా నాయినోళ్ళు బయటికొచ్చినారు, అవ్వను కూడా తెచ్చినారు. ఈడ కరెంటుంది, బడుంది, అన్నీ మంచివే. అవ్వ మాత్రం దినామూ సందకాడ అడవి దిక్కే చూస్తా కూచునేది. పోదామా వద్దా అని ఆమెను ఎవురూ అడగలే. ముసిల్దాన్ని ఏం అడుగుతారులే అనుకున్నారు" అంది. చేత్తో ఉల్లిపాయలు తరుగుతూనే, అదేదో వానల సంగతిలా అంది. నా కత్తిపీట ఆగిపోయింది. కళ్ళ వెంట నీళ్ళు ఉల్లిపాయ వల్లే అనుకుందేమో, ఏమీ అనలేదు.

ఇదే మాట మధ్యాహ్నం మా వారితో అంటే ఆయనకు పేపర్లో చదివినవి గుర్తున్నాయి. పులుల అడవుల నడిభాగం నుంచి ఇష్టపడి బయటికొచ్చే కుటుంబానికి కేంద్రం 10 లక్షలు ఇచ్చేదట, 2021లో అది 15 లక్షలు చేశారట. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చాక వాళ్ళు ఒప్పుకోకుండా కదపకూడదట. "చట్టం ఉంది గదా, అడుగుతారు" అన్నారు. "ఇంట్లోవాళ్ళకు చట్టం లేదు గదండీ" అన్నాను. ఆయన నా మొహం వంక చూసి ఊరుకున్నారు.

రెండో రాత్రి నిద్రలో ఉండగా డేరాకు బాగా దగ్గర్లో ఏదో గట్టిగా కూసింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. దుప్పి అలా కూస్తే దగ్గర్లో పులో చిరుతో కదిలిందని గైడు చెప్పి ఉన్నాడు. గుడ్డ గోడకు అవతల ఎండుటాకులు నలిగిన చప్పుడు నా చెవి పక్కనే ఉన్నట్టుంది. మా వారి చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అమీర్‌పేటలో మెట్రో చప్పుడులో, హారన్లలో హాయిగా నిద్రపోయేదాన్ని, అక్కడ ఆకు కదిలితే ప్రాణం పోయినంత పనయింది. కూత ఆగాక కూడా ఇద్దరికీ నిద్ర లేదు. ఆ చీకట్లో ఆయన ఉన్నట్టుండి అన్నారు.

"ఆ బావి తవ్వినప్పుడు నాకు పదేళ్ళు. నాన్న నా నెత్తిన కూడా చిన్న తట్ట పెట్టారు. నీళ్ళు పడ్డ రోజు అమ్మ బావి చుట్టూ పసుపు రాసి, పరమాన్నం వండింది. వాడు ముందు పూడ్చేది ఆ బావినే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పరేం?"

"ఆ వంటింట్లో గిన్నెలు పెట్టుకుని వండేదానివి నువ్వు. ఏ మొహంతో చెప్పను?"

పాతికేళ్ళలో ఆయన ఇన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం అదే. ఇంక తెల్లవారేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం, అవన్నీ మీకు చెప్పను లెండి.

ఇంటికి రాగానే అత్తయ్యగారి మొదటి ప్రశ్న మల్లన్న దర్శనం అయిందా అని. కాలేదంటే, "అంత దూరం వెళ్ళి శ్రీశైలం వెళ్ళకుండా వచ్చారా?" అని నొచ్చుకున్నారు. ఉగాదికి కర్ణాటక భక్తులు నాగలూటి మీదుగా శ్రీశైలానికి నడిచి వెళ్ళే దారి అటే ఉందని చెబితే కాస్త చల్లబడ్డారు. మర్నాడు ఆవిడ చింతపండు గింజలు తీస్తుంటే పక్కన కూర్చున్నాను.

"అత్తయ్యగారూ, ఈ ఇంటి సంగతి మీరేమంటారు?"

చాలాసేపు మాట్లాడలేదు. "ఇన్నాళ్ళకి అడిగావుటే" అన్నారు. ఇంకో నాలుగు గింజలు తీశాక, "నువ్వా వంటింట్లో తడవడం నాకు మాత్రం బాగుంటుందా? కట్టుకోండి. నాకు కింద వాటా ఇవ్వండి, మెట్లూ లిఫ్టూ నా వల్ల కాదు. నేనున్నంత కాలం ఆ బావి మాత్రం పూడ్చకండి" అన్నారు.

కాగితాలు ఇంకా బీరువాలోనే ఉన్నాయి. బావిని అలాగే ఉంచి, డాబా మీది వాన నీళ్ళు అందులోకి మళ్ళిస్తే ఇంకుడు బావిలా పనికొస్తుందేమోనని మా వారు స్వయంగా వెళ్ళి బిల్డరును అడిగారు. కారు నిలిపే చోటు పోతుందని వాడు ముందు మొహం ముడుచుకున్నాడట, తర్వాత ఇంజనీరును పంపుతానన్నాడట. ఆదివారం వస్తున్నారు. గ్రానైటు గట్టు సంగతి కూడా ఆరోజే తేల్చుకుంటాను, అది మాత్రం వదిలేది లేదు.