తాత వద్దన్న ములుకులు



నాది నల్లమలల అమ్రాబాద్ దిక్కు ఒక చెంచుపెంట. సంగారెడ్డిలో హాస్టల్‌ల ఉండి డిగ్రీ చదువుతున్న. మా ఇంట్ల కాలేజీకి వచ్చింది నేనే మొదలు. "మీరింకా బాణాలతో వేటాడుతరా?" అని హాస్టల్‌ల ఒకడు నవ్వితే, "మాకవేం తెల్వయి" అని తప్పించుకున్న. అబద్ధం చెప్పిన అనుకున్న.

ఆదివారాలు పటాన్‌చెరులో ఒక లేత్ షాపుకు పనికి పోత. పోయిన ఎండాకాలం షాపు వెనుక తుప్పలల్ల కౌజు పిట్ట కూసింది. తాత యాదికొచ్చిండు. సేటును అడిగి, మిగిలిన స్టీలు ముక్కలతో నాలుగు ములుకులు తిప్పిన. సూది లెక్క మొన, అద్దం లెక్క మెరుపు.

సెలవులల్ల ఇస్తే, తాత ఒకటి అరచేతిల పెట్టి తూచిండు.

"దేనికిరా ఇది?"

"కౌజు పిట్టకు తాతా."

"పిట్టకు మొన ఎందుకురా? దూసుకపోతది. పిట్ట ఎగిరిపోయి ఏ పొదల్నో పడి సస్తది, నీకు దొరకదు. గురి తప్పితే కొమ్మకు దిగబడి అంబు కూడా పాయె. ఇంత బరువు ముక్కుకు పెడితే అంబు ముందే నేలకు వంగుతది."

చూరుల నుంచి పాత అంబు తీసిండు. కొసకు ఇనుము లేదు, రేగుపండంత కట్టె బుడిపె. అది తగిలితే పిట్ట సొమ్మసిల్లి అక్కడనే పడతదట, మాంసం చెడదట. వెడల్పు ఇనుప ములికి పెద్ద జంతువుకు. నెత్తురు జాడ పట్టుకొని పోవచ్చు.

వైశాల్యం తగ్గితే పీడనం పెరుగుతదని పరీక్షల రాసి మార్కులు తెచ్చుకున్నోన్ని నేను. తాతకు అక్షరం రాదు. హాస్టల్‌ల నేను చెప్పింది అబద్ధం కాదు, నిజంగనే నాకేం తెల్వది.

వేట మళ్లీ కావాలని రాస్తలేను. 1972 వన్యప్రాణి చట్టం కౌజును కాపాడుతది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు తేనె, దుంపల మీద హక్కు ఇచ్చింది, వేటను మాత్రం పేరు పెట్టి పక్కకు తీసింది. తాత కూడా విల్లు చూరుకు పెట్టి ఏండ్లయింది. కానీ వేట ఆగితే తెలివి కూడా ఆగాల్నా? రాజస్థాన్ ఆదివాసీ లింబారామ్ వెదురు విల్లుతోని మొదలుపెట్టి 1988, 1992, 1996 ఒలింపిక్స్‌కు పోయిండు.

వచ్చే సెలవులల్ల తాత కాడ కూసొని బుడిపె చెక్కుడు నేర్చుకుంట. గడ్డిబొమ్మ మీద కొట్టి చూస్త.

మీ ఊర్లల్ల పిట్టలకు ఏ అంబు వాడేటోళ్లు? ముసలోళ్లు ఉండంగనే అడిగి, ఇక్కడ రాయండి.