పెరట్లో కలుగులు

ఇంగ్లీషువాళ్ళు మన దగ్గర తీసుకున్న మాటల్లో ‘బాండికూట్’ ఒకటి. అది మన పందికొక్కే. ఆ మాట సముద్రం దాటి వెళ్ళి, ఆస్ట్రేలియాలో ఎలుక జాతికే చెందని, కంగారూలా సంచి ఉండే జంతువుకి పేరయింది. ఇక్కడ మాత్రం తిట్టుగా మిగిలింది. ‘పందికొక్కులా మేస్తోంది’ అనే మాట మా ఇంట్లో మగపిల్లల మీద పడగా నేను వినలేదు. రెండోసారి కూర వేసుకున్న ఆడపిల్లకే అది దక్కేది. అందుకేనేమో, తెనాలిలో మా పెరట్లో పందికొక్కులు చేరినప్పుడు కోపంతోపాటు నాకు కాస్త చుట్టరికం కూడా తోచింది.

చుట్టరికం ఎంతున్నా నష్టం నష్టమే. రాత్రికి రాత్రి చేమ మడిలో మట్టి కుప్పలు లేచేవి. పైన ఆకు పచ్చగానే ఉండేది, లాగితే కింద దుంప ఉండేది కాదు. గోడ పునాది పక్కన కూడా తవ్వకం మొదలైంది. పెరడు నాది. కాగితం మీద కాదు. నీళ్ళు పోసేదీ, కలుపు తీసేదీ నేను కాబట్టి నాది. దాని సంగతి తేల్చాల్సి వచ్చేసరికి మాత్రం ఇంట్లో మగవాళ్ళందరూ ఒక్కమాట మీదికొచ్చారు: “మందు పెట్టేస్తే పోలా!”

మందు గుమ్మం దాటి రావడానికి వీల్లేదన్నాను. పిచ్చి జాలి అన్నారు. పందికొక్కు మీద జాలి కాదది. మా వీధిలో 22 ఏళ్ళ కోడలు ఒకమ్మాయి ఎలుకల మందుతోనే పోయింది. ‘కడుపునొప్పి భరించలేక’ అని రాసుకున్నారు. ఆ కడుపునొప్పి ఏమిటో వీధిలో ప్రతి ఆడదానికీ తెలుసు. ఇలాంటి చావుల్ని ‘క్షణికావేశం’ అని తేల్చేస్తారు. ఆవేశం వెనక ఏళ్ళ తరబడి ఏముందో అడగరు. సరే, క్షణమే అనుకుందాం. ఆ క్షణం దాటాలంటే విషం చేతికందే చోట ఉండకూడదు కదా. శ్రీలంకలో 1995 నుంచి అతి ప్రమాదకరమైన పురుగుమందుల్ని ఒక్కొక్కటిగా ఆపేస్తూ వచ్చాక, 2005 నాటికి ఆత్మహత్యల రేటు సగానికి పడిపోయింది. అక్కడి ఆడవాళ్ళ కష్టాలన్నీ తీరిపోయాయని కాదు. బతికి ఉంటే కదా కష్టం గురించి మాట్లాడేది!

చివరికి యానాది భార్యాభర్తల్ని పిలిచాం. ఆమె ముందు పెరడంతా తిరిగి చూసింది. కొత్త మట్టితో మూతి మూసి ఉన్నది కాపురమున్న కలుగనీ, నోరు తెరుచుకుని సాలెగూడు పట్టినది వదిలేసిన కలుగనీ చెప్పింది. పక్కదారులు వెతికి మూసిందీ ఆమే. అతను అడుగున చిల్లున్న కుండలో గడ్డి రాజేసి, కలుగు మూతికి ఆనించి ఊదాడు. పొగ ఇద్దరి కళ్ళనీ సమానంగానే మండించింది. నాలుగు దొరికాయి.

“మందులొచ్చాక మాకు పని తగ్గిందమ్మా. మందు తిన్నదాన్ని మేం తినలేం కూడా” అందామె. కోతలయ్యాక పొలాల్లో కలుగులు తవ్వి, అవి దాచుకున్న వడ్లు తెచ్చుకునేవాళ్ళమని చెప్పింది. మనం చవక అనుకునే మందు పొట్లం వాళ్ళ కూలినీ కూటినీ కూడా తీసుకుపోతోందన్నమాట.

మా ఆయన అతని చేతిలో ఒక మనిషి కూలి పెట్టారు. ఆమె సంగతేమిటన్నాను. “ఆవిడ తోడొచ్చింది కదా” అన్నారు. ఆ మాట నాకు కొత్త కాదు. నా పెరటి పనికి ఇంట్లో ఉన్న పేరు ‘కాలక్షేపం’. రెండో కూలి ఆమె చేతికే ఇప్పించాను. లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుంది.

తర్వాత మంచినీళ్ళడిగింది. మా అత్తగారు ఎక్కడిదో పాత ప్లాస్టిక్ గ్లాసు వెతకబోయారు. నేను మేం తాగే స్టీలు గ్లాసుతోనే ఇచ్చాను. వాళ్ళు వెళ్ళాక అత్తగారు దాన్ని చింతపండుతో మూడుసార్లు తోమించారు. తోమింది నేనే. కూలి దగ్గర ఆమే నేనూ ఒకటే అని నాకనిపించిన మాట నిజమే. గ్లాసు దగ్గర కాదు. నన్ను తక్కువ చేసే ఇల్లే నన్ను ఆమెకన్నా ఎక్కువ చేసి నిలబెడుతుంది. స్త్రీలంతా ఒకటి అని రాసేటప్పుడు ఆ గ్లాసు నా కళ్ళముందు ఉంటుంది.

కోళ్ళకి నూకలు చల్లడం సాయంత్రాలు మానేశాం. చెత్తకుప్ప గోడకి దూరంగా జరిపాం. పునాది పక్కన రాళ్ళు వేసి సిమెంటు పోయించాం. అయినా పందికొక్కులు మళ్ళీ వస్తాయి, కాలవగట్టు నిండా వాటి ఊళ్ళే. వస్తే కబురు చెయ్యడానికి ఫోను నంబరు రాసిపెట్టుకున్నాను. అతనిది కాదు, ఆమెది.