ఎందుకొచ్చానే ఇక్కడికి?

జనవరిలో, మిరపకోతలప్పుడు జగ్గయ్యపేట వెళ్ళాను. అన్నయ్య అన్నాడు: "అమ్మకి మతిమరుపు ఎక్కువైంది. కౌలు లెక్కలు ఇక నేను చూసుకుంటాలే." నాన్న పోయినప్పట్నించీ, పన్నెండేళ్ళుగా, ఆ నాలుగెకరాల లెక్కలు రాస్తున్నది అమ్మే. ఆమె ఏమీ అనలేదు. కాసేపటికి బీరువా ముందు నిలబడి, "ఎందుకొచ్చానే ఇక్కడికి?" అని నన్నడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

సాహిత్యంలో పిహెచ్‌.డి. చేసినదాన్ని. స్త్రీల ఆత్మకథల్లో జ్ఞాపకం గురించి పేజీలకి పేజీలు రాశాను. మెదడులో అది ఎలా నిలుస్తుందో మాత్రం ఏనాడూ చదవలేదు. ఇప్పుడు చదివాను.

రెండు నాడీకణాలు కలిసే చోటుని సినాప్స్ అంటారు. అది కరెంటు తీగల అతుకులాంటిది కాదు. సంకేతం రాగానే కణం కొసలోకి కాల్షియం ప్రవేశిస్తుంది. అక్కడి చిన్న తిత్తుల్లోంచి రసాయనం బయటికొచ్చి అవతలి కణాన్ని తాకుతుంది. ఆ కాల్షియం పూర్తిగా తొలగకముందే ఇంకో సంకేతం వస్తే ఈసారి రసాయనం ఎక్కువ విడుదల కావచ్చు. తిత్తులు ఖాళీ అయివుంటే తగ్గుతుంది. కొన్ని మిల్లీసెకన్ల నించి కొన్ని నిమిషాల దాకా ఉండే మార్పు ఇది. అంతకుముందు ఏం జరిగిందన్నదాన్ని బట్టి అదే సంకేతానికి వేరే జవాబొస్తుందన్నమాట. పని పూర్తయ్యేదాకా మనసులో పట్టుకునే విషయం ఇలా మిగిలిన కాల్షియం వల్లే కాసేపు నిలవగలదని 2008లో మోంజిల్లో, బరాక్, త్సోడిక్స్ ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. మధ్యమధ్య తట్టి లేపకపోతే అది చెరిగిపోతుంది.

తట్టి లేపే వ్యవధి అమ్మకెక్కడిది? మర్నాడు పొద్దున వంటింట్లో కూర్చుని నోటుబుక్కులో రాశాను. కుక్కర్ విజిల్స్, పాల లెక్క, మనవడి సాక్సులు, వదిన టిఫిన్ బాక్సు, అన్నయ్య బైకు తాళాలు, గేటు దగ్గర కూరగాయలామె, కౌలురైతు ఫోను. అరగంటలో పద్నాలుగుసార్లు ఎవరో ఒకరు పిలిచారు. అందులో రెండుసార్లు పిలిచింది నేనే.

అష్టావధానంలో అవధాని గంటలు లెక్కపెడతాడు, అప్రస్తుత ప్రసంగానికి జవాబు చెబుతాడు, పద్యాలూ గుర్తుంచుకుంటాడు. చివర్లో ధారణ వేళకి సభంతా నిశ్శబ్దంగా కూర్చుంటుంది. అంతసేపు నిలిచే ధారణకి సినాప్సులోని ఈ తాత్కాలిక మార్పు ఒక్కటే చాలదు, ఎంతో సాధన కావాలి, నిజమే. అమ్మకీ ఘంటాగణనం ఉంది, అప్రస్తుత ప్రసంగం ఉంది. ఆ నిశ్శబ్దమే లేదు.

ఇంకో సంగతి. ఒకే తీరుగా ఆగకుండా వచ్చే సంకేతానికి కొన్ని సినాప్సులు నీరసిస్తాయి. మార్పు వచ్చినప్పుడే గట్టిగా స్పందిస్తాయి. 1997లో ఎబట్, ఆయన సహచరులు దీన్ని వివరించారు. చదువుతుంటే మా ఇల్లే కళ్ళముందు కదిలింది. నలభై ఏళ్ళుగా వేళకి అందిన కాఫీ ఎవరికీ కనిపించలేదు. ఒక్కరోజు వెయ్యడం మర్చిపోయిన చక్కెర కనిపించింది. అయితే ఈ తప్పుని మెదడు మీదికి నెట్టెయ్యడం నాకిష్టం లేదు. నీరసించిన సినాప్స్ కాసేపట్లో కోలుకుంటుంది. నలభై ఏళ్ళు చూడకుండా ఉండటానికి మాకున్న కారణం మా సౌకర్యమే.

అమ్మని డాక్టరుకీ చూపించాం, భయం భయమే కదా. జబ్బేమీ లేదన్నారు. ఆ సాయంత్రం అన్నయ్యకి నా జాబితా చదివి వినిపించాను. "పన్నెండేళ్ళ లెక్కల్లో ఒక్క తప్పు దొరికిందా నీకు?" అనడిగాను. వాడు తల దించుకున్నాడు.

అమ్మ అడిగింది ఒకటే: "ఆదివారం ఓ గంట ఆ గది తలుపేసుకోనివ్వండర్రా. ఎవరూ పిలవమాకండి."

కౌలు పుస్తకం ఇప్పటికీ అమ్మ దగ్గరే ఉంది. ఆ గంటసేపూ విజిల్స్ అన్నయ్య లెక్కపెడుతున్నాడు. ఒకటి రెండుసార్లు పప్పు మాడిందట.