పైపు ప్లంబర్‌ది, బొక్క మేస్త్రీది

చౌటుప్పల్లో పెద్ద వాన పడ్డ మర్నాడు సిమెంటు దుకాణం ముందు నిలబడితే ఒక మాట వినబడి తీరుతుంది: "స్లాబు ఉరుస్తున్నదే, ఏమన్న మందున్నదా?" దుకాణదారు వెంటనే ఓ డబ్బా తీసి గల్లా మీద పెడతాడు. ఎక్కడ ఉరుస్తోందని అడిగినవాడు నాకింకా తగల్లేదు. అడిగితే చాలా ఇళ్లలో తేలేది ఒక్కటే. నీళ్లు దిగుతున్నది స్లాబు నడిమధ్యలో కాదు, స్లాబును చీల్చుకొని పైకొచ్చిన గాలి పైపు చుట్టూ.

బాత్రూముల పక్కనుంచి లేచి, నెత్తిన చిల్లుల టోపీ పెట్టుకొని నిలబడే నాలుగంగుళాల పీవీసీ గొట్టమే అది. దాని విలువ మనవాళ్లకు పెద్దగా పట్టదు. లెట్రిన్‌లో ఒక్కసారిగా నీళ్లు వదిలినప్పుడు ఆ ఊపుకు పైపు గాలిని గుంజుతుంది. ఆ గాలి పైనుంచి అందకపోతే నహాని ట్రాపులో నిలిచిన నీళ్లనే గుంజేస్తుంది. కంపు ఇంట్లోకి రాకుండా ఆపేది ఆ గ్లాసెడు నీళ్లే. సెప్టిక్ ట్యాంకులో పుట్టే గ్యాసుకు కూడా ఇదే తోవ. ట్యాంకు ఇంటికి 15 మీటర్ల లోపుంటే ఈ గొట్టం ఇంటి కప్పుకు 2 మీటర్ల పైదాకా ఉండాలని సెప్టిక్ ట్యాంకుల భారత ప్రమాణం ఐఎస్ 2470 చెబుతుంది. మనం బట్టలారేసే తీగకు అడ్డమని మోకాలి ఎత్తుకు కోసేస్తాం. ఉరుపు బాధ పడలేక పైపునే మూసేసి పైన సిమెంటు మెత్తినవాళ్లూ ఉన్నారు. వాన ఆగుతుంది, వాసన మొదలవుతుంది.

గూన పెంకుల ఇళ్లకు ఈ పీడ లేదు. మరుగుదొడ్డి ఉంటే దొడ్లో ఓ మూలకుండేది, దానికోసం ఎవరూ ఇంటి కప్పుకు బొక్క పెట్టలేదు. ఫ్లోరైడు నీళ్లతో నడుములు వంగిన ఈ నల్లగొండ నేల మీద, మృగశిర కార్తె చొచ్చే రోజుల్లో, 2015 జూన్ 8న చౌటుప్పల్లోనే ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. హైదరాబాద్ హైవే మీది ఊరు కనుక ప్లాట్లు లేచాయి, మగ్గాల ఇళ్ల పక్కన రెండంతస్తులు లేచాయి. పడకగదికో బాత్రూం, నెత్తి మీద నీళ్ల ట్యాంకు. సంతోషమే. కాని ప్రతి బాత్రూంతో కప్పుకు ఓ బొక్క పెరిగింది.

ఆ బొక్కకు యజమాని లేడు. స్లాబు పోసింది సెంట్రింగు వాళ్లు, మేస్త్రీ. పైపు దించింది ప్లంబర్. చాలాచోట్ల స్లాబు పోసేనాటికి పైపు సంగతే ఎవరికీ గుర్తుండదు, తర్వాత సుత్తెతో పగలగొట్టి దూరుస్తారు. సందులో మిగిలిన మాలు నాలుగు తాపీలు కొట్టి, మీద తడి బ్రష్షు తిప్పితే అయిపోయినట్టే. ఉరిసిననాడు ప్లంబర్‌ను పిలిస్తే "పైపు మంచిగనే ఉన్నది సార్, స్లాబు మేస్త్రీని అడుగుండ్రి" అంటాడు. మేస్త్రీ వచ్చి "స్లాబుకు ఏం కాలే, పైపు కదులుతున్నది" అంటాడు. తమాషా ఏమిటంటే ఇద్దరిదీ నిజమే.

పైపు కదులుతుంది, ఎండకు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఇక్కడి స్లాబు మీద మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. వేడికి పీవీసీ కాంక్రీటు కన్నా ఐదారు రెట్లు ఎక్కువ సాగుతుంది. 30 డిగ్రీల తేడా వస్తే మీటరు పైపు 2 మిల్లీమీటర్ల దాకా పెరిగి, రాత్రికి మళ్లీ ముడుచుకుంటుంది. పైగా నున్నని ప్లాస్టిక్‌ను సిమెంటు పట్టుకోదు, ఆనుకొని ఉంటుంది అంతే. ఒక్క ఎండాకాలానికే చుట్టూ వెంట్రుకంత సందు పడుతుంది. వాన నీటికి అంతకంటే దారి అక్కర్లేదు.

లోపలికి దిగిన నీరు తిన్నగా కిందికి పడితే మేలే. అది స్లాబులో పరిచిన కరెంటు పైపును పట్టుకొని ఎటో పోతుంది. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ దగ్గర 32 సెంటీమీటర్ల వాన దంచిన రోజున మా బంధువుల ఇంట్లో ఫ్యాను కొక్కెం నుంచి ధార కట్టింది. వాళ్లు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫ్యాను విప్పించారు. నీళ్లు దిగిన పైపు అవతలి గది మీద ఉంది! పట్టుకోవడానికి తేలిక ఉపాయం ఉంది. వాన లేని రోజున పైపు చుట్టూ బంకమట్టితో కట్ట కట్టి, నీలిమందు కలిపిన బిందెడు నీళ్లు పోసి రాత్రంతా వదలడమే. కింద నీలి మరక కనబడితే దొంగ దొరికినట్టు. ఉరుపు మరక కనబడకుండా ఏటా సున్నం కొట్టేవాళ్లకు ఒక మాట: లోపల ఇనుప చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పెచ్చులు ఊడతాయి, అప్పుడు పోయేది బొక్క కాదు, కప్పు.

మందు పూయడం చివరి పని. ముందు శానంతో పైపు చుట్టూ అంగుళం లోతు గాడి తీసి, పాత మాలంతా దులిపి కడగాలి. గరుకు కాగితంతో పైపును రుద్ది, పైపులు అతికించే గమ్ము రాసి, అది తడిగా ఉండగానే పొడి ఇసుక చల్లాలి. నున్నటి పైపు గరుకెక్కుతుంది, అప్పుడు మాలుకు పట్టు దొరుకుతుంది. గాడిని లేటెక్స్ కలిపిన మాలుతో నింపుతూ, పైపును ఆనుకొని పైన చిటికెనవేలంత సందు వదిలి, ఆరాక పాలీయురేథేన్ సీలెంటు పట్టించాలి. సాగే పైపుకు సాగే పదార్థమే తోడు. గట్టిపడి రాయయ్యే ఎపాక్సీ ముద్ద ఇక్కడ నిలవదు, తారు ఎండకు నెరియలు విచ్చుతుంది. ఆపైన నీళ్లు నిలవకుండా గుండ్రంగా గోలా కట్టి, ఫైబర్ జాలీ చుట్టి, పైపు మీదికి జానెడు ఎత్తు దాకా రబ్బరులా సాగే పూత రెండు చేతులు వేయాలి. ఆరాక రెండు రోజులు నీళ్లు కట్టి చూడనిదే డబ్బులివ్వకండి.

డాలస్‌లో ఉన్న మనవాళ్లదీ ఇదే గోల. అక్కడి చెక్క కప్పుల మీద గాలి పైపు మొదట్లో రబ్బరు తొడుగు ఉంటుంది, కొన్నేళ్ల ఎండకు అది చిట్లుతుంది. తేడా అల్లా అక్కడ ఆ తొడుగు పని ఎవరిదో అందరికీ తెలుసు.

కొత్తగా కట్టేవాళ్లు స్లాబు పోసే ముందురోజు ప్లంబర్‌ను సెంట్రింగు మీదికి ఎక్కించి, పైపు వచ్చే చోట పెద్ద గొట్టం ముక్కను తొడుగ్గా నిలబెట్టించండి. కట్టేసినవాళ్లు ఈ మృగశిరకు ముందే ఓ సాయంత్రం స్లాబెక్కి, పైపు మొదట్లో గోరు దూరుతుందేమో చూడండి. దూరితే మేస్త్రీని, ప్లంబర్‌ను ఒకే రోజు, ఒకే గంటకు పిలవండి.