రెండు మహారాజ్యముల ఐశ్వర్యము

ఇటీవల మా పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులను వెంటబెట్టుకొని మేము రామకృష్ణా సముద్రతీరమునకు పోయితిమి. అచ్చట ప్రదర్శనకై నిలిపియున్న కురుసుర యను జలాంతర్గామి నౌకను వారికి చూపుట మా యుద్దేశము. ఈ నౌక సోవియట్ దేశమున నిర్మింపబడి, 1969 డిసెంబరులో మన నౌకాదళమున చేరి, 2001 ఫిబ్రవరి వరకు సేవచేసినది. 2002 నుండి ప్రదర్శనశాలగా నున్నది. దానిలోని యిరుకుదారిలో ఒకరి వెనుక నొకరము తల వంచి నడచుచుండగా ఒక బాలుడు మమ్మిట్లడిగెను: “మాస్టారూ, ఇంత ఓడను చేసిన దేశం ఎందుకు కూలిపోయింది? అమెరికావాళ్లు వీళ్లకంటె అంత ధనవంతులా?”

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ప్రశ్న కఠినమగుట చేత మాత్రమే కాదు. బాల్యమున మా యింట ప్రతి ఆదివారమును వినిన ప్రశ్న అదియే యగుట చేత.

మా తండ్రిగారు యౌవనమున, అమెరికా సంస్థయైన కాల్టెక్సువారు 1957లో ఈ పట్టణమున ప్రారంభించిన చమురుశుద్ధి కర్మాగారమున పనికి కుదిరిరి. ఆ కర్మాగారము 1976లో ప్రభుత్వాధీనమైనను, ఆయన మనస్సు మాత్రము అమెరికా పక్షముననే యుండెను. మా పినతండ్రిగారు ఉక్కు కర్మాగార నిర్మాణమున పనిచేసిరి. 1979లో సోవియట్ ప్రభుత్వముతో జరిగిన ఒప్పందము ననుసరించి ఆ దేశపు ఇంజనీర్లు అచ్చటికి వచ్చుచుండిరి. కావున ఆయన సోవియట్ పక్షము. ఆదివారము ఆరాధన ముగిసి, భోజనమునకు కూర్చుండగనే అన్నదమ్ములిరువురకును వాదము మొదలగుచుండెను. మేము విస్తరి ముందు కూర్చుండి ఆ రెండు మహారాజ్యముల సంగతులను నేర్చుకొంటిమి.

తండ్రిగారి వాదమిది. 1960 నాటికి అమెరికాలో 18 కోట్ల జనులకు 6 కోట్ల మోటారుకార్లు కలవు, అనగా ముగ్గురికొకటి. 1959 జూలైలో అమెరికావారు మాస్కో నగరమున ఒక ప్రదర్శనము నేర్పరచి, అందు తమ సామాన్య కుటుంబము నివసించు ఇల్లిట్టిదని ఒక నమూనా గృహమును నిలిపిరి. ఆ వంటగది యెదుట అమెరికా ఉపాధ్యక్షుడు నిక్సనును, సోవియట్ ప్రధాని కృశ్చేవును నిలిచి, ఎవరి దేశమున సంసారము సుఖమని పత్రికలవారి సమక్షమున వాదించుకొనిరి. “బట్టలుతుకు యంత్రము పనివాని యింటనుండుట కంటె గొప్ప విప్లవమేమి?” అని మా తండ్రిగారు నవ్వుచుండిరి. మన దేశమున 1965, 66 సంవత్సరములలో పంటలు పోయినపుడు ఓడలలో గోధుమలు వచ్చినది ఆ దేశమునుండియే యని ఆయన మరువక చెప్పుచుండిరి.

పినతండ్రిగారి వాదము వేరు. 1897 లెక్కలలో రుష్యా సామ్రాజ్యమున అక్షరాస్యులు నూటికి సుమారు 28 మందియే. 1939 నాటికి వారు నూటికి 80కి మించిరి. చదువునకు రుసుము లేదు. వైద్యమునకు రుసుము లేదు. ఇంటి అద్దె జీతములో కొద్ది పాలు మాత్రమే. కాల్టెక్సువారి కర్మాగారము మొదలైన 1957వ సంవత్సరముననే, అక్టోబరు 4వ తేదీన, సోవియట్ వారు భూమి చుట్టును తిరుగు తొలి కృత్రిమోపగ్రహమును ఆకాశమునకు పంపిరి. మాస్కోలో తెలుగున అచ్చైన పుస్తకములను ఆయన విశాలాంధ్ర పుస్తకశాలనుండి కొనితెచ్చి మా కిచ్చుచుండిరి. వాటి వెల అత్యల్పము, బొమ్మలు అతిమనోహరములు. మేమును ఆ పుస్తకముల మూలమున కొంతకాలము పినతండ్రిగారి పక్షమున చేరితిమని ఒప్పుకొనక తప్పదు.

వాదము ఉక్కు దగ్గరకు వచ్చినప్పుడు పినతండ్రిగారిదే పైచేయిగా నుండెను. 1980లో సోవియట్ దేశము సుమారు 14 కోట్ల 80 లక్షల టన్నుల ఉక్కు చేయగా, అమెరికా చేసినది 10 కోట్ల టన్నులకు కొంచెము పైన. “అన్నయ్యా, ఇక లెక్క తేలిపోయినది” అని ఆయన అనెడివారు. “అంత ఉక్కు చేసిన దేశమున ఇల్లాలు మాంసము కొరకు గంటలకొలది వరుసలో నేల నిలుచుచున్నది?” అని తండ్రిగారు మారడిగెడివారు. “అంత ధనమున్న దేశమున 1959లో నూటికి 22 మంది బీదలేల? దక్షిణ రాష్ట్రములలో 1964 చట్టము వచ్చువరకు నల్లవారు తెల్లవారితో ఒక్క బల్లపై కూర్చుండి భుజింపరాదట, అదేల?” అని పినతండ్రిగారు బదులు చెప్పెడివారు. ఇద్దరి ప్రశ్నలును సత్యములే. అందుచేతనే వాదము తెగలేదు.

ఒకనాడు ఈ వాదము ముదిరి ఇరువురును ముఖములు త్రిప్పుకొని కూర్చుండిరి. మా నాయనమ్మ బియ్యము కొలుచుచుండెను. ఆమెకు చదువు రాదు. కుంచము నిండగనే పైన అరచేతితో రాచి, సమము చేసి, కొడుకులవైపు చూచి యిట్లనెను: “గాదెలో ఎన్ని పుట్లున్నాయో నాకెందుకురా? ఆఖరి పంక్తిలో కూర్చున్న పిల్లవాడికి అన్నం సరిపోయిందా లేదా, అది చెప్పండి. సరిపోలేదని వాడు నోరు తెరిచి అడగవచ్చునా, అదీ చెప్పండి.”

ఆ నాడు ఇంటిలో ఎవరును దీనికి బదులు చెప్పలేదు. పెద్దవారమై చరిత్ర చదివిన పిదప మేము ఆమె చెప్పిన కుంచముతోనే ఆ రెండు దేశములను కొలిచి చూచితిమి.

సోవియట్ దేశమున 1932, 33 సంవత్సరములలో ఉక్రెయిను మొదలగు ప్రాంతములందు లక్షలాది జనులు ఆకలిచే మరణించిరి. ఆ కాలముననే ధాన్యము విదేశములకు ఎగుమతియైనది. 1937లో జనులను లెక్కింపగా, పాలకులు ఆశించినదానికంటె జనసంఖ్య మిక్కిలి తక్కువగా తేలెను. అంతట పాలకులు ఆ లెక్కలనే రద్దుచేసి, లెక్కించిన అధికారులను చెరలో పెట్టించిరి, కొందరిని చంపించిరి. ఆఖరి పంక్తిలో అన్నము చాలలేదని చెప్పినవానికి ఆ దేశమున కలిగిన గతి యిది. కృశ్చేవు కాలమున ఆ క్రౌర్యము తగ్గెను. లక్షలకొలది కుటుంబములకు క్రొత్త ఇండ్లు లభించెను. మాంసము, పాలు, వెన్నల విషయమున తలకొక్కింటికి అమెరికాను త్వరలోనే అందుకొందుమని ఆయన 1957లో చాటెను. అందుకొనలేదు. 1972లో ఆ దేశము తన ప్రత్యర్థియైన అమెరికావద్దనే విస్తారముగా గోధుమలు కొనవలసివచ్చెను. ఉక్కు పెరుగుచుండగనే, 1960 దశకము నడుమనుండి పురుషుల సగటు ఆయువు తగ్గజొచ్చెను. ఉక్కులో అధిక భాగము యంత్రములకును ఆయుధములకును పోయెను. వంటింటికి చేరినది కొంచెము.

అట్లని అమెరికా కుంచము నిండియున్నదని చెప్పరాదు. అయితే అచ్చట పత్రికలు బీదలను గూర్చి వ్రాసెను. నల్లవారు వీధులలో నడచి తమ హక్కు నడిగిరి. పాలకులు వినక తప్పినది కాదు. 1964లో అధ్యక్షుడు జాన్సను బీదరికముపై యుద్ధము ప్రకటించెను; 1965లో వృద్ధుల వైద్యమునకు చట్టము వచ్చెను. 1959లో నూటికి 22గా నున్న బీదలు 1973 నాటికి 11కు తగ్గిరి. అయినను 2023లో సైతము ఆ సంపన్న దేశమున 2 కోట్ల 60 లక్షల జనులకు వైద్య భీమా లేదు. ధనవంతుని వాకిట లాజరు నేటికిని పడియున్నాడు. అతడు కలడని ప్రభుత్వ లెక్కలే చెప్పుట మాత్రము ఆ దేశమునకు మేలు.

సోవియట్ రాజ్యము 1991 డిసెంబరులో అంతరించెను. మరుసటి యేట రుష్యాలో ధరలు ఇరువది రెట్లకు పైగా పెరిగి, ముసలివారు జీవితమంతయు దాచుకొనిన సొమ్ము కరగిపోయెను. ఆ దేశపు సాయముతో నిర్మింపబడిన మన ఉక్కు కర్మాగారమును 1992 ఆగస్టు 1వ తేదీన ప్రధాని పి.వి. నరసింహారావుగారు జాతి కంకితము చేయునప్పటికి ఆ రాజ్యమే లేదు. ఆనాటి సాయంకాలము మా పినతండ్రిగారు మా యింటికి వచ్చి అరుగుపై మౌనముగా కూర్చుండిరి. మా తండ్రిగారు గెలిచితినని అనలేదు. తమ్మునికి తామే కాఫీ తెచ్చి యిచ్చి ప్రక్కన కూర్చుండిరి. వారి వాదము అంతటితో ముగిసినది.

చదువరులారా, ఈ కుంచముతో ఇతర దేశములను మాత్రమే కొలిచి మనము ఊరకుండరాదు. మన ఉక్కు కర్మాగారమునకై 1966లో జరిగిన ఉద్యమమున 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 60కి పైగా గ్రామములవారు తమ పొలములను ఇండ్లను విడిచిరి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేళ్లు పెట్టిన కొలుముల వెలుగు రాత్రివేళ చూచి మనము గర్వింతుము, అది న్యాయమే. ఆ వెలుగు భూములిచ్చినవారి మనుమల యింటికెంత చేరినదో అడుగుటయు న్యాయమే. అడిగినవానిని ద్రోహి యనరాదు. అడుగువాడు లేని దేశమున గాదె నిండినట్లే కనబడుచు లోపల ఖాళీయగును.

నేడు మన పట్టణపు బిడ్డలు అనేకులు పై చదువులకు అమెరికా పోవుచున్నారు. కొందరు వైద్యవిద్యకై రుష్యా పోవుచున్నారు. తల్లిదండ్రులు అచ్చటి జీతమెంత యని విచారించుట సహజము. పోవు బిడ్డలారా, మీరు మరియొకటి విచారింపుడు. అచ్చట రోగము వచ్చిన కూలివానికి ఏమి జరుగుచున్నది? పని పోయిన తల్లి పిల్లలు రాత్రి ఏమి తినుచున్నారు? వారి మాట వినువాడు కలడా? తిరిగివచ్చి అవే ప్రశ్నలను ఇచ్చటను అడుగుడు.

ఆ కుంచము నేటికిని మా యింటనున్నది. నౌకను చూచివచ్చిన మరునాడు మేము దానిని తరగతికి కొనిపోయి బల్లపై నుంచి, ప్రశ్న అడిగిన బాలుని పిలిచి, ఈ కథ యంతయు చెప్పితిమి. అతడు కుంచమును చేతబట్టి లోపలికి చూచి, “మాస్టారూ, దీంతో మన బడిని కొలవవచ్చా?” అనెను. తరగతి నవ్వినది. మేము నవ్వలేదు. ఆ మధ్యాహ్నము భోజనవేళ వరుసలో చివర నిలుచు చిన్న పిల్లల యొద్దకు పోయి, వారి పళ్లెములలో ఏమి పడుచున్నదో చూచితిమి. నాటినుండి ప్రతిదినమును చూచుచున్నాము.