గట్టు మీద కెమెరా నిలబడాలంటే ఏ హెడ్ కొనాలి?

పోస్టు కాస్త పెద్దది. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని తీరిగ్గా కూర్చున్నాక చదవండి.

మా పడమటి గట్టు మీద నుంచి పదిహేను రోజులకొకసారి నేను తీసే ఫొటోలు చూసి చాలామంది ఒకటే అడుగుతున్నారు. అన్నిట్లోనూ ఆ కొబ్బరిచెట్టు, ఆ కరెంటు స్తంభం ఒకేచోట ఎలా ఉన్నాయి, కంప్యూటర్లో సర్దుతున్నారా అని. సర్దడం నాకు రాదండీ. అదంతా ట్రైపాడ్ పైన ఉండే హెడ్ చేసే పని. ఆ హెడ్ ఎలా ఎంచుకోవాలో ఈరోజు చెప్తాను.

ముందు ఎందుకు తీస్తున్నానో చెప్పాలి. నాది రెండెకరాలు, కాలవ శివారు. సార్వా, దాళ్వా రెండూ వరే. మాకు పడమర నాలుగు చేలు అవతల రొయ్యల చెరువులు తవ్వారు. అప్పటినుంచీ ఆ మూల వరి పిలక వెయ్యడం లేదు. నేల మీద తెల్లటి పొర తేలుతోంది. ఉప్పు ఊట వస్తోందయ్యా అంటే, ఎరువు సరిగ్గా వెయ్యలేదేమో, విత్తనం తేడా ఏమో అన్నారు. నోటి మాటకి విలువ లేనప్పుడు కంటికి చూపించాలి కదా. అందుకని ఒకేచోటు నుంచి, ఒకే ఎత్తు నుంచి, ఒకేవైపు తీసిన ఫొటోలు కావాలి. ఫ్రేము ఒక జానెడు పక్కకి జరిగినా "ఇది వేరే చేను" అనేవాళ్ళు సిద్ధంగా ఉంటారు.

కెమెరా మా బావమరిది కొడుకు వాడి వదిలేసింది. దాంతోపాటు ఒక తేలిక ట్రైపాడ్ కూడా ఇచ్చాడు. కాళ్ళు బానే ఉన్నాయి గానీ, హెడ్ బిగించి చెయ్యి వదలగానే కెమెరా ముక్కు నెమ్మదిగా కిందకి వాలేది. తెల్లారగట్ల మంచులో ఒకటి రెండు సెకన్లు షట్టరు తెరిచి ఉంచాలి. ఆ రెండు సెకన్లలో వెంట్రుకంత వాలినా గడ్డిపోచలన్నీ అలుక్కుపోతాయి. కాళ్ళు కెమెరాని మోస్తాయి, అంతే. ఎటు చూడాలో, చూసినచోట నిలవాలో లేదో హెడ్డే తేలుస్తుంది.

ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్ళకి పనికొచ్చేవి ముఖ్యంగా మూడు రకాలు.

ఒకటి, బాల్ హెడ్. గిన్నెలో గోళీ కూర్చున్నట్టు ఉంటుంది. ఒక మర వదులు చేస్తే కెమెరా ఎటైనా తిరుగుతుంది, బిగిస్తే ఆగుతుంది. చిన్నది, తేలిక, పని త్వరగా అవుతుంది. పాపికొండలు వెళ్ళినా, లంబసింగి కొండెక్కినా సంచిలో ఇదే సుఖం. కష్టం ఎక్కడంటే, అన్ని వైపులా ఒకేసారి వదులవుతుంది. తల కాస్త కిందకి దించుదామని మర వదిలితే పక్కకి కూడా ఒరిగిపోతుంది. కాస్త మంచి వాటికి పట్టు సర్దుకునే రెండో మర ఉంటుంది. అది ఉన్నదే తీసుకోండి. మర వదిలినా కెమెరా ఒక్కసారిగా పడిపోదు.

రెండు, త్రీవే హెడ్. మూడు పిడులుంటాయి. ఒకటి ఎడమ కుడి తిప్పడానికి, ఒకటి పైకీ కిందకీ, ఒకటి పక్కకి వంచడానికి. దేనికది విడిగా బిగుసుకుంటుంది. ఒకటి కదిపితే మిగతా రెండూ ఉన్నచోటే ఉంటాయి. బరువెక్కువ, పిడులు సంచికి తగులుకుంటాయి, పని నిదానం.

మూడు, గేర్డ్ హెడ్. మన కాలవ తూము షట్టరు చూశారు కదా, మర తిప్పినకొద్దీ పలక కొంచెం కొంచెంగా లేస్తుంది, వదిలినచోట నిలుస్తుంది. ఇదీ అంతే. ఇళ్ళూ, గుళ్ళూ గీత గీసినట్టు తీసేవాళ్ళకి దీన్ని మించింది లేదు. ధరా ఎక్కువే, బరువూ ఎక్కువే.

వీడియో తీసేవాళ్ళ ఫ్లూయిడ్ హెడ్డూ, పిట్టలు తీసేవాళ్ళ గింబల్ హెడ్డూ వేరే. వాటి ఊసు ఇక్కడ అక్కర్లేదు.

నేను త్రీవే తీసుకున్నాను. మూడు వైపులా డిగ్రీల గీతలున్నది ఏరి తీసుకున్నాను. మా గట్టు మీద ఏ గీత దగ్గర పెట్టానో పుస్తకంలో రాసుకున్నాను. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ అవే అంకెలకి తిప్పితే అదే చూపు వస్తుంది. బాల్ హెడ్ ఎంత మంచిదైనా దానికి వంపు కొలిచే గీతలుండవు. అదీకాక మాది డెల్టా, చాపలాంటి నేల. కొండల దగ్గర ఫ్రేము కాస్త ఒరిగినా ఎవరికీ తెలీదు. ఇక్కడ దూరాన గట్టుగీత వంకరగా ఉంటే చిన్నపిల్లాడు కూడా పట్టేస్తాడు. పక్క వంపు ఒక్కటే విడిగా సరిచేసుకునే వీలు నాకు అందుకే అవసరం. నా పనికి ఇది. రోజుకి పది చోట్లు తిరిగి తీసేవాళ్ళకి బాల్ హెడ్డే మేలు.

కొనేటప్పుడు చూడాల్సినవి చెప్తా.

బరువు. పెట్టె మీద పది కేజీలు మోస్తుందని రాస్తారు. అందరూ ఒకే పద్ధతిలో కొలిచి రాసింది కాదది. మీ కెమెరా, లెన్సు కలిపి తూచి, దానికి మూడింతలు రాసి ఉన్నది తీసుకుంటే బెంగ ఉండదు. కావిడి మోసినవాళ్ళకి తెలుసు, అదే బరువు భుజానికి దూరమయ్యేకొద్దీ ఎక్కువ లాగుతుంది. లెన్సు పొడుగైనా, కెమెరాని నిలువుగా పక్కకి వంచినా అదే జరుగుతుంది.

వాలు. కొట్లోనే మీ కెమెరా బిగించండి. జూమ్ పూర్తిగా లాగి గోడ మీద ఒక మచ్చని ఫ్రేము మధ్యలో పెట్టండి. మర బిగించి చెయ్యి వదలండి. మచ్చ పైకి జరిగిందంటే కెమెరా వాలినట్టే. వెంటనే జరగకపోయినా రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి. సిగ్గుపడక్కర్లేదు, ఎద్దుని కొనేటప్పుడు పళ్ళు చూడమూ!

ప్లేటు. కెమెరా అడుగున బిగించే పలక ఇది. ఆర్కా-స్విస్ తరహాది అయితే చాలా కంపెనీల హెడ్లకి సరిపోతుంది. కొన్ని హెడ్లకి వాటి సొంత ప్లేటే పడుతుంది. అది పోతే మళ్ళీ అదే వెతుక్కోవాలి.

మర. కెమెరా అడుగు మర పావు అంగుళం. కాళ్ళకీ హెడ్‌కీ మధ్యది సాధారణంగా మూడు బై ఎనిమిది అంగుళం. తేడా వస్తే చిన్న ఇత్తడి బుష్ దొరుకుతుంది. ఫోనుతో తీసేవాళ్ళు కూడా పావు అంగుళం మరున్న క్లాంపు కొనుక్కుంటే ఇదే హెడ్ మీద పెట్టుకోవచ్చు.

నా హెడ్‌కి అయిన ఖర్చు, డీఏపీ బస్తా 1350 లెక్కన, నాలుగు బస్తాలు. మా ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. చిన్న రైతుకి అది చిన్న డబ్బు కాదు, ఆవిడ కోపమూ న్యాయమే.

ఇక వాడకం. గట్టు మీద ట్రైపాడ్ కాళ్ళు దిగబడకుండా మూడు సిమెంటు పలకలు పాతాను. కాళ్ళు ఎంత సాగదీయాలో రంగుతో గుర్తు పెట్టాను. గాలి ఉంటే మధ్యలో ఇసక సంచి కడతాను, ఊగకుండా నేలకి ఆనేట్టు. రెండు సెకన్ల టైమర్ పెట్టి చెయ్యి తీసేస్తాను. లెన్సులో కుదుపు తగ్గించే మీట ఉంటే ట్రైపాడ్ మీద ఆపేస్తాను. ఇంటికొచ్చాక ఉప్పు, బురద పోయేలా తడిగుడ్డతో తుడిచి ఆరబెడతాను. బాల్ హెడ్ ఉన్నవాళ్ళు మాత్రం గోళీకి నూనె రాయకండి. అది నిలిచేదే రాపిడితో. నూనె పడితే జారిపోతుంది.

మొన్న ఆ ఫొటోలు వరసగా కాగితం మీద అచ్చేయించి పట్టుకెళ్ళాను. కొబ్బరిచెట్టు కదల్లేదు, స్తంభం కదల్లేదు. వాటి మధ్య తెల్లమచ్చ ఒక్కటే ఫొటో ఫొటోకీ పెరుగుతూ వచ్చింది. ఈసారి విత్తనం మాట ఎవరూ ఎత్తలేదు. చేలోకొచ్చి మూడుచోట్ల మట్టి తీసుకెళ్ళారు. ఫలితం ఇంకా రాలేదు.

మీ ఊళ్ళోనూ చెరువో, వాగో, పోరంబోకో మెల్లగా మారిపోతూ ఉంటే ఇప్పుడే ఒక చోటు ఎంచుకుని, మూడు పలకలు పాతి, మొదటి ఫొటో తీసి పెట్టండి. ఖరీదైన హెడ్ లేకపోయినా సరే, బిగించినచోట నిలిచేది ఉంటే చాలు. తేదీ మాత్రం రాసిపెట్టుకోండి.