వంటిల్లు లేని గుడారం

ఈ చలికాలం అరకులో రెండు రాత్రులు టెంటులో ఉందామని పిల్లలు పట్టుబట్టారు. మామూలు టెంటు కాదండోయ్, గ్లాంపింగట. లోపల మంచం, పరుపు, కరెంటు అన్నీ ఉంటాయి. గుడారమే కానీ నేల మీద పడుకోనక్కర్లేదన్నమాట.

ఫోటోల్లో అన్నీ అందంగానే ఉన్నాయి. దీపాల తోరణాలు చూసి ఏం చేసుకుంటాం? నేను ఫోన్ చేసి అడిగినవి వేరే. బాత్రూమ్ టెంటుకి ఆనుకునే ఉందా, చీకట్లో నడవాలా? వెస్టర్న్ టాయిలెట్టేనా? అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు మరి. పొద్దున్నే వేన్నీళ్ళు వస్తాయా? జనవరిలో అక్కడి చలికి గుడ్డ గోడలు ఏం ఆగుతాయి, అందుకే రగ్గులు ఎన్నిస్తారో కూడా అడిగాను. విశాఖ నుంచి పొద్దున్నే కిరండూల్ రైలెక్కితే దారి పొడవునా సొరంగాలు, పిల్లలకి అదో సరదా. కాబట్టి స్టేషన్ నుంచి ఎంత దూరమో కనుక్కున్నాను.

చివరికి రెండు మిగిలాయి. ఒకదాంట్లో స్టవ్వు, గిన్నెలతో చిన్న వంటిల్లు. రెండోదాంట్లో వాళ్ళే వండి పెడతారు, డబ్బులు కాస్త ఎక్కువ. మావారు మొదటిదే అన్నారు.

"ఉప్మానో, పులిహోరో నువ్వు చిటికెలో చేసేస్తావుగా!"

చిటికెలో! ఏడాదికి 365 రోజులూ ఆ చిటికెలు వేస్తున్నది నేనే కదా. వంద కిలోమీటర్లు దాటి, కొండెక్కి వెళ్ళి, అక్కడా పోపు పెట్టాలా?

"నాకూ సెలవు కావాలండీ" అన్నాను. ఆయన మాట్లాడలేదు.

చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న అత్తయ్య తలెత్తకుండానే అన్నారు: "యాభై ఏళ్ళు వండానురా. అరకు ఇంతవరకూ చూళ్ళేదు. వండిపెట్టే చోటే తియ్యి."

తీశారు. రాత్రికి బొంగులో చికెనట. అత్తయ్యకి మాత్రం పప్పుచారు చెప్పి ఉంచాం.